పదాల జాడ పట్టడం – 3వ పాఠం: చింతచెట్టు, వలంద, రూపాయి

పోయిన పాఠంలో బస్సు, కారు, రోడ్డు తీసుకుని చూశాం కదా, అరువు మాట మన నోట్లో పడితే చివర ఒక 'ఉ' తగిలించుకుని గానీ వదలదు. ఈసారి ఆ కిటుకునే ఆస్ట్రేలియా ఉత్తర తీరానికి పట్టుకెళ్దాం.

ముందు కాస్త కథ. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో మకస్సర్ అనే రేవు ఉంది. 18వ శతాబ్దం నుంచి అక్కడి నావికులు ఏటా డిసెంబర్‌లో వాయవ్య గాలి అందుకుని ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ ల్యాండ్ తీరానికి వచ్చేవారు. అక్కడ సముద్ర దోసకాయలు (కాయలు కావు, దోసకాయ ఆకారంలో ఉండే సముద్ర జీవులు) పట్టి, పెద్ద పెద్ద ఇనప పాత్రల్లో ఉడకబెట్టి, పొగబెట్టి ఆరబెట్టుకుని, గాలి తిరగ్గానే ఏప్రిల్ ప్రాంతంలో వెనక్కి. సరుకంతా చైనాకే. ఆ తీరంలో ఉండే యోల్ఙు ఆదివాసులు వాళ్లతో కలిసి పనిచేశారు, కొందరు పడవెక్కి మకస్సర్ దాకా వెళ్లొచ్చారు కూడా. 1803లో ఆస్ట్రేలియా తీరాన్ని సర్వే చేస్తున్న బ్రిటిష్ నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్‌కి ఈ పడవలు ఎదురైతే, వాళ్ల నాయకుడు పొబాస్సూ ఇలాంటివి 60 వచ్చాయని చెప్పాడు. ఆస్ట్రేలియా వైపు ప్రభుత్వం ఈ వేటకి లైసెన్సులు ఆపేయడంతో 1907లో ఆఖరి పడవ వెళ్లిపోయింది.

పడవలు పోయాయి, మాటలు పోలేదు. మనకి పని అక్కడే.

నోట్‌బుక్ తీయండి. యోల్ఙు భాషల్లో హ్రస్వ దీర్ఘాల తేడా పక్కన పెడితే అచ్చులు మూడే: అ, ఇ, ఉ. అంటే బయటి నుంచి 'ఎ' వస్తే 'ఇ' అవ్వాలి, 'ఒ' వస్తే 'ఉ' అవ్వాలి. మకస్సర్ భాషలో దోనెని 'లెపలెప' అంటారు, యోల్ఙు వాళ్లది 'లిపలిప'. సీసా అక్కడ 'బొతొలొ', ఇక్కడ 'బుతులు'. ఒక్క మాట కలిస్తే కాకతాళీయం అనుకోవచ్చు, వరసగా ఒకే లెక్కలో మారుతుంటే మాత్రం అది అరువే.

ఇప్పుడు జారిపడే చోటు. చింతకి మకస్సర్ మాట 'చంబ', యోల్ఙు మాట 'జంబంగ్'. ఆ నావికులు విడిది చేసిన చోట్ల చింతచెట్లు ఇప్పటికీ ఉన్నాయి, పాత మకాం ఎక్కడో వాటిని బట్టే గుర్తుపడతారు. అలాగని చంబ, చింత రెండూ 'చ'తోనే మొదలయ్యాయి కదా అని చుట్టరికం కలిపేయకండి (నేను మొదట్లో కలిపేశాను, రెండు రోజులు తెగ సంబరపడ్డాను). మొదటి అక్షరం ఒక్కటే సాక్ష్యం కాదు. 'రుపియ' సంగతి వేరు. యోల్ఙులో డబ్బుని అలాగే అంటారు, అది మన రూపాయికి నిజంగానే చుట్టం, కానీ మకస్సర్ మీదుగా వెళ్లింది, మన వర్తకులు చేత్తో తీసుకెళ్లి ఇచ్చింది కాదు. మాట ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఎవరి నోటి నుంచి అందిందన్నది ఇంకో ప్రశ్న.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది 'బలంద'. తెల్లవాడు అని అర్థం. మచిలీపట్నంలో వలందపాలెం తెలుసుగా, డచ్చివాళ్ల పేరు మీద వచ్చిన ఊరు? హాలండే మన దగ్గర వలంద అయింది, మలయ్‌లో బెలందా, మకస్సర్‌లో బలంద. ఆర్నెమ్ ల్యాండ్‌లో కాపురం పెట్టిన తెల్లవాళ్లు ఎక్కువగా బ్రిటిష్ వాళ్లు, యోల్ఙు వాళ్లు వాళ్లని పిలిచింది మాత్రం డచ్చివాళ్ల పేరుతో! ఎందుకంటే తెల్లవాళ్లకి పేరు అప్పటికే మకస్సర్ వాళ్ల దగ్గర దొరికింది.

ఇంటిపని: జెండాకి యోల్ఙు మాట 'బందిర్ర'. అచ్చుల లెక్కని వెనక్కి తిప్పి, మకస్సర్ మాట ఏమై ఉంటుందో రాయండి. ఒకటి కంటే ఎక్కువ రూపాలు తేలితే అన్నీ రాయండి, వాటిలో ఏది సరైనదో 4వ పాఠంలో తేలుద్దాం.