కంప్యూటర్‌లో కొత్త పవర్ సప్లై మదర్‌బోర్డుకు కలిపేటప్పుడు

ముందు ప్లగ్ పీకేసి, కేబినెట్ పవర్ బటన్ ఓసారి నొక్కండి; లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. హన్మకొండలో ఎవరి దగ్గరన్నా సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటే వెనుక ఎర్ర స్విచ్ ఉందేమో చూడండి. అది 115 మీద ఉండగా మన 230 వోల్టులు ఇస్తే ఠప్పుమని పేలి పోతుంది.

24 పిన్నుల పెద్ద ప్లగ్‌ను కొక్కెం టక్కుమని పట్టేదాకా నొక్కాలి. బోర్డు వంగకుండా అంచుకు వేలు ఆనించండి.

అసలు తిప్పలు ప్రాసెసర్ ప్లగ్‌తోనే. చోటు బోర్డు పైమూలన, ఫ్యాన్ చాటున ఉంటుంది. 4+4గా విడిపోయేదే దానిది. 6+2గా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుది. రెండూ 8 పిన్నులే, కానీ 12 వోల్టుల తీగలు, నల్ల తీగలు తారుమారుగా ఉంటాయి. దూరకపోతే బలవంతం చేయొద్దు. ప్రాసెసర్ ప్లగ్ పెట్టడం మరిస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద బొమ్మ మాత్రం రాదు.

పాత సప్లై మాడ్యులర్ కేబుళ్లు (సప్లై నుంచి ఊడదీయగలిగేవి) కొత్తదానికి తగిలించొద్దు. సప్లై వైపు పిన్నుల వరుస కంపెనీకో తీరు. హార్డ్ డిస్కులు కాలేది అక్కడే.