సిగ్నల్ దగ్గర అలిగే వ్యాను

మా పాత పెట్రోలు వ్యాను నెల రోజులుగా సిగ్నల్ పడిందంటే చాలు, వణికి ఆగిపోయేది. భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరుపతిలో లీలామహల్ కూడలి దగ్గర నిలబడితేనే ఈ అలక. పెట్రోలు పంపు మార్చాలన్నాడు ఒక మెకానిక్. పంపు బలహీనమైతే ఘాట్‌లో కదా మొరాయించాలి! అందుకే నేనే విప్పాను.

బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, ఎయిర్ ఫిల్టర్ గొట్టం ఊడదీసి, యాక్సిలరేటర్ కేబుల్ లాగి చూశాను. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలోని గుండ్రటి రేకు మూసుకునే చోట, అంచు చుట్టూ, పెనం అడుగున పేరుకున్న మసిలాంటి నల్లటి జిడ్డు. ఇంజిన్ నుంచి వెనక్కి వచ్చే నూనె ఆవిరి చేసే పని అది. బండి నిలిచి ఉన్నప్పుడు గాలి ఆ సన్నని సందులోంచీ, పక్కనున్న చిన్న దారిలోంచీ వెళ్లాలి. రెండూ పూడుకుపోతే ఇంజిన్‌కు ఊపిరి ఎక్కడిది?

బాడీని దించి, థ్రాటిల్ క్లీనర్‌ను గుడ్డ మీద చల్లి తుడిచాను. మూలలకు పాత టూత్‌బ్రష్. ఆ చిన్న దారిలో గాలిని అదుపు చేసే ఐడిల్ వాల్వ్ మొన మీదా అదే మసి. రేకు ఆగే చోట ఉన్న చిన్న స్క్రూ జోలికి మాత్రం పోలేదు. దాన్ని తిప్పితే కొత్త తలనొప్పి. అతుకు దగ్గర గాలి కారకుండా ఉండే గ్యాస్కెట్ చిరిగింది, కొత్తది వేశాను.

స్టార్ట్ చేయగానే ఇంజిన్ రంకె వేసింది. గుండె జారిపోయింది. బండిలోని కంప్యూటర్ కొత్త గాలి లెక్క నేర్చుకున్నాక, పది నిమిషాల్లో నెమ్మదించింది.

ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్ మార్చినప్పుడల్లా లోపలికి టార్చి వేసి చూస్తున్నాను.