ఆయిల్ పెయింట్ స్టిక్‌తో బట్టపై ఆకు ఈనెలు తేల్చడం

కాగితం కింద రూపాయి బిళ్ళ పెట్టి, పైన పెన్సిల్‌తో రుద్ది, బొమ్మ తేలుతుంటే మురిసిన వారందరికీ ఈ పని సగం వచ్చినట్లే. ఇక్కడ కాగితానికి బదులు బట్ట, పెన్సిల్‌కు బదులు ఆయిల్ పెయింట్ స్టిక్ వాడతాము. అవిసె నూనె వంటి ఆరే నూనెలో రంగుపొడి నూరి, మైనంతో గట్టిపరచి కడ్డీగా పోసినదే ఈ స్టిక్. ఆయిల్ పేస్టల్ చూపుకు ఇలాగే ఉన్నా అందులోని నూనె ఆరేది కాదు; దానితో వేసిన బొమ్మ ముట్టుకున్న ప్రతిచోటా అంటుతుంది కనుక కొనేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి.

కొత్త బట్టలో గంజి ఉంటే రంగు నూలులోకి దిగక పైనే నిలుస్తుంది. అందుచేత ముందుగా సబ్బుతో ఉతికి, మెత్తదనం కోసం వాడే ద్రవాలేవీ కలపకుండా జాడించి, ఆరాక ఇస్త్రీ చేయాలి. పాప్లిన్ వంటి సన్ననేత నూలుబట్ట ఈ పనికి అనువైనది. ముతక ఖద్దరుపై ఆకు ఈనెల కంటే నేత గళ్ళే ముందు కనబడతాయి.

కింద పెట్టడానికి నేను టేకు ఆకునే ఎంచుకుంటాను. దాని వెనుక వైపు ఈనెలు వేలికి తగిలేంత ఉబ్బుగా ఉంటాయి కాబట్టి ఆ వైపు పైకి వచ్చేలా పరచాలి. అయితే ముదురు ఆకే కావాలి. లేత టేకు ఆకు నలిగితే ఎర్రని రసం కారి బట్టకు మరకవుతుంది. పెడన కలంకారీ పనిలో అరిగి పక్కన పెట్టిన చెక్క అచ్చు దొరికితే అదీ చక్కగా పనిచేస్తుంది. కానీ రంగు అద్దినప్పటిలా గీత పదునుగా పడదు, కాస్త మసకగా, మెత్తగా తేలుతుంది. ఈ పద్ధతి అందమంతా ఆ మసకలోనే ఉంది.

ఆకును బల్లపై టేపుతో అంటించి, దానిపై బట్టను బిగువుగా పరచి, అంచులకూ టేపు వేయాలి. స్టిక్ కొనపై ఎండి కట్టిన పొరను చాకుతో పలుచగా గీకి తీసేయాలి, లేకుంటే ఆ పెచ్చులే బట్టపై ముద్దలుగా పడతాయి. ఇక ఒక చేత్తో బట్టను అదిమిపట్టి, నడి ఈనె నుంచి అంచు వైపుకు, ఒకే దిశలో, పాపాయి ఒంటికి నూనె రాసినంత తేలికగా రుద్దాలి. మొదటిసారి దాదాపు ఏమీ కనబడదు. అక్కడే చాలామంది తొందరపడి గట్టిగా నొక్కుతారు; అప్పుడు రంగు ఈనెల మధ్య పల్లాల్లోకి కూడా దిగి ఆకంతా ఒకే మచ్చగా మారుతుంది. అదే చోట మూడు నాలుగు సార్లు తేలికగా రుద్దుకుంటూ పోతే ముందు నడి ఈనె, తరువాత పక్క ఈనెలు, చివరికి వాటి నడుమ సన్నని వల ఒక్కొక్కటిగా తేలుతాయి. రెండో రంగు కావాలంటే ఆకును కదపకుండా అంచుల దగ్గర మాత్రమే వేయాలి. ముదురు రంగు బట్టపైనైతే అభ్రకపు మెరుపున్న స్టిక్‌లు బాగా పలుకుతాయి.

ఈ రంగు నీటిరంగులా తడి ఆవిరై ఆరేది కాదు, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి. అందుకు కనీసం మూడు రోజులు, వానాకాలంలో వారం ఇవ్వడం మేలు. తరువాత పైనా కిందా తెల్ల కాగితం వేసి, బట్టను తిరగవేసి, నూలుబట్టకు వాడే వేడిలో ఒక్కో చోట పది పదిహేను సెకన్లు ఇస్త్రీ పెట్టి అదమాలి. వాసన వస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి. ఆపై చన్నీళ్ళలో చేత్తో ఉతుక్కోవచ్చు గాని డ్రై క్లీనింగ్‌కు ఇవ్వకూడదు, అక్కడి ద్రావకాలు నూనెరంగును కరిగిస్తాయి.

చేతులూ స్టిక్‌లూ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆరే నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి మడతల్లో చిక్కుకుంటే గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట తీగపై విడివిడిగా పరచి, బిరుసుగా ఆరాకే చెత్తలో వేయాలి.