చిన్న ఊళ్లో రచయితల సంఘం ఏడాదిపాటు నడపాలంటే

నాది నెల్లూరు జిల్లా కావలి. పగలు మెడికల్ షాపు, రాత్రి షట్టరు దించాక కథలు. మా రచయితల సంఘానికి కోశాధికారిని కూడా నేనే. అధ్యక్షుడు వేదిక మీద కూర్చుంటాడు, కార్యదర్శి మైకు పట్టుకుంటాడు, టీ డబ్బులు ఎవరిచ్చారో ఎవరెగ్గొట్టారో కోశాధికారికి తెలుస్తుంది. కాబట్టి నేను చెప్పేదంతా కొంచెం డబ్బు వైపు నుంచే ఉంటుంది. మీ ఊళ్లో కొత్తగా సంఘం పెట్టాలనుకుంటున్నా, ఉన్న సంఘం నిద్రపోతున్నా ఇది మీకు పనికొస్తుంది.

ముందుగా ఒకటి తేల్చుకోవాలి. మీ సంఘం సన్మానాలకా, రాతకా? రెండూ చేస్తామనే అంటారు అందరూ. రెండూ జరగవు. శాలువా, మెమెంటో, దండ, ఫ్లెక్సీ, హాలు అద్దె, వచ్చిన పెద్దాయనకి భోజనం, కారు ఖర్చు అన్నీ కలిపి చూడండి. ఆ ఒక్క పూట డబ్బుతో మా సభ్యుల రచనలకు ఏడాది పొడవునా జిరాక్సులు వస్తాయి. మా సంఘం డబ్బులోంచి శాలువా కొనకూడదని నియమం పెట్టుకున్నాం. ఎవరికైనా ఎవరినైనా సన్మానించాలనిపిస్తే సొంత డబ్బుతో చేసుకోవచ్చు. ఈ నియమం వచ్చాక సన్మానించాలన్న ఉత్సాహం చాలామందిలో చల్లారింది.

మొదలుపెట్టడానికి ఐదారుగురు చాలు. రిజిస్ట్రేషన్‌కి తొందరపడకండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద నమోదు కావాలంటే కనీసం ఏడుగురు ఉండాలి. అయ్యాక ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా, లెక్కలు అన్నీ కాగితం మీద సక్రమంగా ఉండాలి. సంఘం పేరుతో బ్యాంకు ఖాతా, విరాళాలు అవసరమైనప్పుడు ఆ పని చూసుకోవచ్చు. అప్పటిదాకా ఒక నోటు పుస్తకం సరిపోతుంది. ఎడమ పేజీలో వచ్చింది, కుడి పేజీలో పోయింది. నెలకు యాభై రూపాయలు చందా, చదువుకునే పిలకాయలకు చందా లేదు. డబ్బు ఒకరి ఫోన్‌పేలోకి వెళ్లకుండా చూడండి. ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా, అది ఆయన కరెంటు బిల్లులో, పాల బిల్లులో కలిసిపోతుంది. తర్వాత అడగడానికి మీకు మొహమాటం, చెప్పడానికి ఆయనకు మొహమాటం.

ఇక చోటు. శాఖా గ్రంథాలయాన్ని మించింది లేదు. కుర్చీలు ఉంటాయి, ఫ్యాన్లు ఉంటాయి, ఊళ్లో అందరికీ తెలిసిన తావు. లైబ్రేరియన్ గారిని నోటిమాటతో అడిగి ఊరుకోకుండా ఒక ఉత్తరం రాసి ఇవ్వండి, ఆయన పైవాళ్లకు చూపించుకోవాలి కదా. అయిపోయాక కుర్చీలు మీరే సర్దండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన పోటీలకు న్యాయనిర్ణేతలు, మాట్లాడేవాళ్లు దొరక్క వాళ్లు ఇబ్బంది పడుతుంటారు. ఆ వారం మీ సభ్యుల్ని నలుగురిని పంపితే, మిగతా ఏడాదంతా ఆ హాలు మీదే.

సభ్యుల ఇళ్లలో మాత్రం పెట్టుకోవద్దు. మొదట్లో బాగానే ఉంటుంది. తర్వాత ఒక ఇంట్లో బజ్జీ, రెండో ఇంట్లో బజ్జీతో పాటు కేసరి, మూడో ఇంట్లో ఏకంగా చేపల పులుసుతో భోజనం. పోటీ కథల్లో ఉండాల్సింది వంటింట్లోకి పోతుంది. పైగా ఆ ఇల్లాలే రచయిత్రి అయితే, అందరూ ఆమె కథ గురించి మాట్లాడే వేళకి ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది.

మేం ఏడాదిని ఉగాది నుంచి లెక్కపెడతాం. కొంచెం చిక్కు ఉంది, మార్చి, ఏప్రిల్‌లలో మా వైపు వరి కోతలు. వ్యవసాయం ఉన్న సభ్యులు కనిపించరు. అయినా ఉగాదికి కవిసమ్మేళనం పెట్టకపోతే ఊరు ఊరుకోదు. పెట్టండి, కానీ మనిషికి మూడు నిమిషాలు. ఫోనులో అలారం పెట్టి మైకు పక్కనే ఉంచండి. అది మోగితే ఎంత పెద్దకవి అయినా దిగాలి. ఇంకో కట్టడి కూడా చేశాం. నెల్లూరు వైపు ఏ సభకు వెళ్లినా ప్రతి వక్తా మనుమసిద్ధి కొలువు, తిక్కన పదిహేను పర్వాలు అంటూ మొదలుపెడతాడు. ఒంగోలు వైపు వెళితే అద్దంకి, ప్రోలయ వేమారెడ్డి, ఎర్రన. ఇద్దరూ మనవాళ్లే, గర్వమే. కానీ పదిమంది అదే చెప్పేసరికి చివరి పిల్లకవి దాకా మైకు రాదు. అందుకే వాళ్ల గురించి చెప్పేది నిర్వాహకుడు మొదట్లో ఒకసారి చెప్పేస్తాడు, కవులు నేరుగా కవితలోకి వెళ్లాలి.

సంఘానికి ప్రాణం మాత్రం నెలవారీ సమావేశమే. దాని గురించి కాస్త వివరంగా చెప్తాను.

నెలకు ఒక ఆదివారం. రెండు కథలు, నాలుగు కవితలు, అంతకంటే వద్దు. రాసినవాళ్లు మూడు రోజుల ముందే కాపీ ఇస్తే కోశాధికారి జిరాక్సులు తీయించి అందరికీ చేరుస్తాడు. వాట్సాప్‌లో పంపితే చాలదా అంటారు. చాలదు. ఫోనులో చదివినవాడు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటాడు. చేతిలో కాగితం, పెన్ను ఉంటే గీత గీస్తాడు. ఆ గీతల కోసమే ఇదంతా. పేజీకి రెండు వైపులా వెడల్పుగా ఖాళీ వదిలి ప్రింటు తీయించండి.

కథ మీద మాట్లాడేటప్పుడు రాసినవాళ్లు నోరు విప్పకూడదు. 'నా ఉద్దేశం ఏమిటంటే' అన్న మాట వినిపిస్తే మా దగ్గర ఐదు రూపాయల జరిమానా. కథ పత్రికలో అచ్చయినప్పుడు పాఠకుడి పక్కన కూర్చుని ఉద్దేశం చెప్పడానికి మీరుండరు కదా. మొదట మాట్లాడేవాళ్లు కథలో ఏం జరిగిందో రెండు మాటల్లో చెప్పాలి. రాసినవాళ్లకు అక్కడే సగం తెలిసిపోతుంది. హీరోయిన్ చచ్చిపోయిందని సగంమంది, పుట్టింటికి వెళ్లిందని సగంమంది అనుకుంటే తప్పు చదివినవాళ్లది కాదు. తర్వాత ఎవరికి ఎక్కడ విసుగు పుట్టిందో పేజీ, లైను చూపించి చెప్పాలి. ఉత్తినే 'బాగుంది' అనడం నిషేధం. బాగుంటే ఏ వాక్యం బాగుందో చదివి వినిపించాలి. మా సంఘంలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉన్నారు, కథ విన్నాక కళ్లద్దాలు తీసి "ఏంది సామీ, ఇందులో కథ యాడుంది?" అని అడుగుతారు. కొత్తవాళ్లు బెదురుతారు. కానీ ఆయన ఆ మాట అన్నాక ఊరుకోరు, కథ ఎక్కడ మొదలవ్వాలో పెన్సిల్‌తో చుక్క పెట్టి మరీ ఇస్తారు. చాలాసార్లు అది మూడో పేజీలో ఉంటుంది.

కవితైతే రెండుసార్లు చదవాలి. ఒకసారి కవి, రెండోసారి వేరొకరు. కవి గొంతులో ఉన్న ఎత్తుపల్లాలు కాగితం మీద లేకపోతే రెండో మనిషి తడబడతాడు. ఎక్కడ తడబడ్డాడో అక్కడ గుర్తు పెట్టుకుంటే చాలు, ఉపన్యాసాలు అక్కర్లేదు. పద్యకవులు, వచనకవులు ఒకే గదిలో ఉంటే గొడవ తప్పదు. మేం దాన్ని ఇలా సర్దుకున్నాం. పద్యానికి లెక్క ముందే వేరుగా చూసేస్తారు. ఉత్పలమాలకి పదో అక్షరం దగ్గర యతి, చంపకమాలకి పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. తప్పుంటే మాస్టారు ముందే చెప్పేస్తారు. సమావేశంలో మాత్రం పద్యం ఏం చెబుతోందనే చర్చ. వచనకవిత రాసేవాళ్లు కూడా ఆ మాటలో పాల్గొంటారు. యతి కుదిరినంత మాత్రాన పద్యం గట్టెక్కదని పద్యకవులకు, లైను విరిచినంత మాత్రాన కవిత అయిపోదని వాళ్లకు ఒకేసారి తెలుస్తుంది.

మే నెలలో మా వైపు ఎండ సంగతి తెలిసిందే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం సమావేశం పెడితే ఎవరూ రారు. సాయంత్రం ఆరు తర్వాత మేడ మీదో, తుమ్మలపెంట సముద్రం ఒడ్డునో కూర్చోండి. జూన్‌లో బళ్లు తెరుస్తారు, టీచర్లు బదిలీల టెన్షన్‌లో ఉంటారు. ఆ రెండు నెలలూ హాజరు తగ్గితే కంగారుపడి సంఘం మూసెయ్యొద్దు, ముగ్గురొచ్చినా జరపండి.

మొహర్రం నెలలో నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ. తేదీ ఏటా ముందుకు జరుగుతుంటుంది, క్యాలెండరు చూసుకోండి. సభ్యులందర్నీ ఒక్కరోజు అక్కడికి తీసుకెళ్లడం నేను చూసినంతలో అన్నిటికంటే మంచి రాత పాఠం. స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అని అరుస్తూ మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఇక్కడ సభ్యులకు ఒక షరతు పెట్టండి. మతసామరస్యం అన్న మాట రాయకూడదు, జనసంద్రం అన్న మాట అసలే రాయకూడదు. అవి పేపరువాళ్లు రాస్తారు. మీరు ఇద్దరు మనుషుల్ని ఎంచుకోండి. ఒకరు ఇస్తున్నారు, ఒకరు తీసుకుంటున్నారు. ఏం మాట్లాడుకున్నారు, ఎవరి చేయి తడిగా ఉంది, రొట్టె దేంట్లో చుట్టి తెచ్చారు, తీసుకున్నాక తిన్నారా దాచుకున్నారా. ఒక పేజీ. ఇల్లు చేరకముందే బస్సులోనే రాసెయ్యాలి. పోయినేడు మా సంఘంలో పెద్దక్కయ్య ఒకావిడ, టైలరింగ్ చేస్తారు, సంతానం రొట్టె తీసుకుని నీళ్లలోంచి బయటికి రాకుండా అక్కడే నిలబడిపోయిన ఒక మగాడి గురించి రాసింది. పెళ్లాం రాలేదు, ఒక్కడే వచ్చాడు. ఆవిడ అప్పటిదాకా రాసినవన్నీ ఒక ఎత్తు, ఆ పేజీ ఒక ఎత్తు.

దూరం వెళ్లలేకపోతే పక్కనే బిట్రగుంట ఉంది. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డు ఉన్న ఊరు. ప్లాట్‌ఫారం బెంచీ మీద గంటసేపు కూర్చుని రాయమనండి. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లతో మాట్లాడమనండి. మన ప్రాంతం గురించి మనం రాయకపోతే హైదరాబాదులో కూర్చున్నవాడు తెలిసీ తెలియక రాస్తాడు.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. మేం ఆ రోజు సభ పెట్టం. అందరూ పెడతారు, జనం చాలరు. ఏదో ఒక హైస్కూలుకి వెళ్లి పిల్లలతో వాళ్ల ఇంటి మాటల్లో అరపేజీ రాయిస్తాం, అంతే.

దసరా ముందు నుంచే పత్రికల దీపావళి కథల పోటీల ప్రకటనలు వస్తాయి. పంపడానికి ఒక రిజిస్టరు పెట్టండి. ఎవరు, ఏ కథ, ఏ పత్రికకి, ఏ తేదీన, ఏమైంది. ఒకే కథ ఒకేసారి రెండు చోట్లకి పంపకూడదు. ఇది సొంత రచన అనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ, ఇంకెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచేయాలి. అది లేక పక్కకి పోయే కథలు చాలా. యూనికోడ్‌లో టైపు చేసి పంపండి. డీటీపీ షాపులో పాత ఫాంట్లలో కొట్టిస్తే అవతలి కంప్యూటర్లో వత్తులన్నీ గాల్లో తేలతాయి. తిరిగొచ్చిన కథని సిగ్గుపడకుండా మళ్లీ సమావేశంలో పెట్టాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. సమావేశం ఉందా లేదా అని పదిమంది ఫోన్లు చేస్తే కార్యదర్శి పిచ్చెక్కిపోతాడు. వర్షాలకి బడులకు సెలవిచ్చిన వారంలో మనకీ సమావేశం లేదు, వచ్చే ఆదివారమే. ఇలా ముందే రాసిపెట్టుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు.

ఏడాదిలో వచ్చిన వాటిలోంచి సంకలనం వేయాలనుకుంటే సంక్రాంతి తర్వాత పని పట్టుకోండి. ప్రతి రచయిత దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఈ ఒక్క ముద్రణకే అనుమతి, హక్కులు రచయితవే అని అందులో ఉండాలి. ఎంపిక చేసే ముగ్గురి రచనలు అందులో ఉండకూడదు. ఈ ఒక్క నియమం పెట్టడానికి మాకు గొంతులు పోయాయి. పుస్తకం డెమ్మీ 1/8 సైజయితే ఫారానికి, అంటే ప్రెస్సులో అచ్చువేసి మడిచే ఒక్కో పెద్ద కాగితానికి, 16 పేజీలు. 112 పేజీలంటే ఏడు ఫారాలు. 115 పేజీలు వస్తే ప్రెస్సువాడు ఎనిమిదో ఫారం లెక్క కడతాడు, కాబట్టి ముందుమాటల్లో మూడు పేజీలు కోసెయ్యండి. ముందుమాటలు ఎలాగూ ఎక్కువే ఉంటాయి. ప్రూఫుని ఆ రచన రాసినవాళ్ల చేత కాకుండా వేరేవాళ్ల చేత దిద్దించండి. సొంత తప్పు సొంత కంటికి కనబడదు. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబరు, కావాలంటే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఉచితంగా ఇస్తారు. డబ్బు కడితే తెచ్చిపెడతామనేవాళ్లని నమ్మొద్దు. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా గ్రంథాలయంతో పాటు ముంబయి, ఢిల్లీలోని గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలి. 300 కాపీలు చాలు. వెయ్యి వేయించినవాళ్ల ఇళ్లలో మంచాల కింద చూడండి. వేదిక మీద అందరికీ ఉచితంగా పంచొద్దు. సభ్యులకు ఐదేసి కాపీలు సగం ధరకి, మిగతావి కౌంటరులో అసలు ధరకి.

మార్చి చివర్లో లెక్కలు. వచ్చింది, పోయింది, మిగిలింది ఒక కాగితం మీద రాసి గ్రంథాలయం నోటీసు బోర్డులో అంటించండి. కోశాధికారిని రెండేళ్లకోసారి మార్చాలి, నా పదవీకాలం వచ్చే ఉగాదికి అయిపోతుంది. అప్పగించేటప్పుడు నగదు, నోటు పుస్తకం, పంపిన కథల రిజిస్టరు, మిగిలిన పుస్తకాల లెక్క ఇద్దరి సంతకాలతో చేతులు మారాలి. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఆ రోజే మారాలి. రిజిస్టర్లు పెట్టే ట్రంకుపెట్టెని మాత్రం గోడకి ఆనించి పెట్టకండి, చెదలు పడతాయి.