పిడుగు కంటే ముందే వచ్చేది

రోహిణి కార్తె సగం గడిచింది, వారం పది రోజుల్లో మిరుగం. చెలకలో పత్తి గింజ పెట్టేవాళ్లు, గొర్లు తోలుకుపోయేవాళ్లు, పొద్దుగూకే వేళ తాళ్లెక్కే గౌడన్నలు... అందరూ ఆరుబయటే ఉండే రోజులు. పిడుగులు పడే రోజులూ ఇవే.

నాకు పదమూడేళ్లప్పుడు దేవరకొండ దిక్కు ఒక గుట్ట మీద మేకలు కాస్తున్నాను. చినుకు లేదు, ఉరుము ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. చేతిలో ఇనుప కాడ గొడుగు. దాని కొస దగ్గర జోరీగ ఇరుక్కున్నట్టు సన్నగా గుయ్‌మని చప్పుడు. చూస్తుండగానే చేతుల మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "గొడుగు పారేసి కిందికి ఉరుకురా!" అని మా చిన్నాయన కేకేసిండు. దిగినం. ఐదారు నిమిషాలకే గుట్ట మీద పిడుగు పడింది. ఆ చప్పుడేంటో ఇంటర్‌లో ఫిజిక్స్ పుస్తకం తెరిచాక గానీ నాకు అర్థం కాలేదు. అది విద్యుత్ క్షేత్రం. పిడుగు కంటే ముందే వచ్చి మా చుట్టూ నిలబడింది.

పొడి తలను ప్లాస్టిక్ దువ్వెనతో నాలుగుసార్లు దువ్వి చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టండి. ముట్టుకోకముందే ముక్కలు ఎగిరొస్తాయి. దువ్వెన మీద చేరిన విద్యుత్ ఆవేశం (ఛార్జ్) తన చుట్టూ ఉన్న జాగాను మార్చేసింది, ఆ మారిన జాగాలో ఏ ఆవేశం ఉన్నా దాని మీద బలం పడుతుంది. ఆ జాగా గుణమే క్షేత్రం. ధనావేశం నుంచి అది బయటికి చూపిస్తుంది, రుణావేశం వైపు లోపలికి. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ లెక్కను ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుమ్ 1785లో కొలిచి చెప్పాడు. దీన్ని గుర్తు పెట్టుకోండి, గొర్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మామూలు రోజు కూడా మన నేల మీద మీటరుకు దాదాపు 100 వోల్టుల క్షేత్రం ఉంటుంది. మనకు తెలియదు. ఉరుముల మబ్బు నెత్తిమీదికి వస్తే కథ మారుతుంది. మబ్బులో మంచు పలుకులు, మెత్తని వడగండ్లు ఒకదానికొకటి రాసుకుని ఆవేశం విడిపోతుంది. ఎక్కువగా కింది భాగంలో రుణావేశం పోగవుతుంది. దాన్ని చూసి కింద నేలలో ధనావేశం పైకి తేలుతుంది. క్షేత్రం మీటరుకు వేల వోల్టులకు ఎక్కుతుంది. పొడి గాలి తట్టుకోలేక తెగి తనలోంచి కరెంటు పోనివ్వాలంటే మీటరుకు దాదాపు 30 లక్షల వోల్టులు కావాలి కదా, మరి ఇదేం చేస్తుంది అనొచ్చు. ఇక్కడే కిటుకుంది. మొనదేలిన, ఎత్తుగా నిలబడ్డ వస్తువు కొస దగ్గర ఆవేశం గుమిగూడుతుంది, అక్కడ క్షేత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తాటిచెట్టు మొవ్వ, గుడి కలశం, సెల్ టవర్, మైదానంలో ఒంటరిగా నిలబడ్డ మీ తల. నా గొడుగు కొస చేసింది అదే. కాలిన మొవ్వతో నిలబడ్డ తాటిచెట్టును పాలమూరు వైపు చూడని వాళ్లుంటారా?

అందుకని మొదటి జాగ్రత్త, ఉరుము వినిపిస్తే చెట్టు మీది నుంచి దిగాలి. లొట్టి నిండకపోయినా సరే. మోకు విప్పుకుని దిగేసరికి పట్టే సమయం కూడా లెక్కలో వేసుకోవాలి.

మెరుపు కనబడ్డాక సెకనుకొకటి చొప్పున అంకెలు లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు దూరానికి దాదాపు 3 సెకన్లు తీసుకుంటుంది. 30 లోపే ఉరిమితే మబ్బు 10 కిలోమీటర్ల లోపు ఉన్నట్టు, ఇక బయట ఉండొద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. వాన వెలిసింది కదా అని బయల్దేరితే మబ్బు పోతూ పోతూ వేసే తోక పిడుగు పడొచ్చు. ఫోన్‌లో పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల 'దామిని' యాప్ పెట్టుకుంటే 20, 40 కిలోమీటర్ల చుట్టుపక్కల పిడుగుల సంగతి చెబుతుంది. ఫోన్ పిడుగును లాగుతుందనే మాట వట్టిది.

ఇక చెట్టు కింద దాగడం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అంత పెద్ద ఊడల చెట్టయినా సరే, ఉరుముల్లో దాని కింద ఉండొద్దు. పిడుగు చెట్టు మీద పడితే మాను నుంచి పక్కన ఉన్న మనిషి మీదికి దూకుతుంది. అది కాకపోతే నేలలోకి దిగి అన్ని వైపులా పాకుతుంది. గొర్ల మంద మొత్తం ఒక్కసారి కూలిపోయేది ఈ పాకుడుతోనే.

లెక్క వేసి చూద్దాం. పిడుగులో 30,000 ఆంపియర్ల కరెంటు, నేల నిరోధకత (అంటే కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఆ కొలత) 100 ఓమ్-మీటర్లు అనుకుందాం. పడ్డ చోటు నుంచి 10 మీటర్ల దూరంలో నేల మీద క్షేత్రం మీటరుకు దాదాపు 4,800 వోల్టులు. గొర్రె ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ముప్పావు మీటరు ఉంటే 3,600 వోల్టులు, అదీ దాని గుండె మీదుగా. 20 మీటర్లకు పోతే అదే నాలుగో వంతు అవుతుంది. కూలుమ్ లెక్కే మళ్లీ కనిపిస్తోంది చూశారా. మన రాతి గుట్టల మీద నిరోధకత ఇంకా ఎక్కువ, అంటే క్షేత్రం కూడా ఎక్కువే. మందను చెట్టు కిందికి తోలకండి, కంచె తీగ పక్కన నిలబెట్టకండి. విడివిడిగా లోతట్టులో వదిలి మీరు బండికో ఇంటికో చేరండి.

దేన్లోకి? స్లాబు ఇల్లు మంచిది. ఇనుప కప్పు ఉన్న బస్సు, కారు కూడా మంచివే, అద్దాలు ఎక్కించి. లోహపు గుల్ల మీద పడ్డ ఆవేశం పైపైనే పరుచుకుంటుంది, లోపల క్షేత్రం ఉండదు, శాస్త్రవేత్త ఫారడే చూపించిన సంగతి ఇది. టైర్లు కాపాడతాయనుకోవడం పొరపాటు. ట్రాక్టర్, ఆటో, బైకు పనికిరావు. నాలుగు కర్రల మీద రేకులు వేసిన బాయికాడి కొట్టం అంతకన్నా పనికిరాదు. "అర్జున, ఫల్గుణ" అనుకోండి, మా నానమ్మ కూడా అనేది, కానీ స్లాబు కింద కూర్చుని అనేది.

ఎక్కడా దిక్కు లేకపోతే మడమలు కలిపి గొంతుక్కూర్చోండి, పడుకోవద్దు. ఇది ఆఖరి దారి మాత్రమే.

బోరు మోటరు స్టార్టర్ డబ్బా ముట్టుకోకండి, ఆటో స్టార్టర్ ఉన్నా సరే. ఇంట్లో నల్లా, టీవీ తీగ, ఇనుప కిటికీ దగ్గర ఉండొద్దు. గాలికి తెగిపడ్డ తీగ దగ్గర అయితే రెండు పాదాలు ఆనించి చిన్నగా జరుపుకుంటూ వెనక్కి రండి, పెద్ద అడుగులు వేస్తే రెండు కాళ్ల మధ్య వోల్టేజీ పెరుగుతుంది.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు మిగలదు, ముట్టుకోవచ్చు. చాలామంది ముట్టుకోవడానికి భయపడి చూస్తూ నిలబడతారు. ఊపిరి లేకపోతే ఛాతీ నడుమ అయిదు సెంటీమీటర్లు లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేదాకా ఆపకండి, చేతులు నొప్పి పుడితే మీ బదులు పక్కవాడిని నొక్కమనండి.