కారిపోతున్న నైట్రస్: ఆపరేషన్ థియేటర్‌లో మత్తు వాయువుల వృథాను ఆపడం ఎలా

సిలిండర్ల వరుసలను ఆసుపత్రి పైపు లైనుకు కలిపే మ్యానిఫోల్డ్ గదిలో నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు సిలిండర్ గేజ్ 50 బార్ చూపిస్తోందంటే సిలిండర్ నిండుగా ఉందని కాదు. లోపల ఉన్నది ద్రవం. అది కొద్దిగా మిగిలి ఉన్నంతసేపూ 20 డిగ్రీల దగ్గర పీడనం ఇంచుమించు అక్కడే నిలబడుతుంది. ముప్పావు వంతు ఖాళీ అయినా ముల్లు కదలదు. అందుకే గ్యాస్ కారిపోతున్నా, ఆ లీకు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకమే దారి: మొత్తం బరువులోంచి సిలిండర్ మెడ మీద చెక్కిన ఖాళీ బరువు తీసేయాలి.

9,000 లీటర్ల పెద్ద సిలిండర్‌లో గ్యాస్ బరువు సుమారు 17 కిలోలు. భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కలో, ఒక కిలో నైట్రస్ 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే ఒక్క సిలిండర్ కారిపోతే దాదాపు నాలుగున్నర టన్నులు. ఈ వాయువు వాతావరణంలో వందేళ్లకు పైగా ఉంటుంది, ఓజోన్ పొరనూ తింటుంది. ఇన్ని సిలిండర్లు కొని రోగికి ఎంత ఇస్తున్నామని లెక్క చూసుకున్న ఆసుపత్రుల్లో, కొన్నదాంట్లో పదో వంతు కూడా రోగి దాకా చేరని చోట్లు చాలా తేలాయి. మీ దగ్గరా ముందు ఆ లెక్కే తీయండి.

స్టోర్స్ రిజిస్టర్ నుంచి పన్నెండు నెలల కొనుగోళ్లు తీసుకుని సిలిండర్ల సంఖ్యను లీటర్లలోకి మార్చండి. తర్వాత ఒక నెలపాటు ప్రతి అనస్థీషియా చార్ట్‌లో నైట్రస్ ఫ్లోను, వాడిన నిమిషాలను హెచ్చించి కూడండి. నిమిషానికి 1 లీటరు చొప్పున 40 నిమిషాలు ఇస్తే 40 లీటర్లు, అంతే. నెల మొత్తాన్ని పన్నెండుతో హెచ్చించి కొనుగోలు పక్కన పెట్టండి. నైట్రస్, ఆక్సిజన్ కలిపిన సిలిండర్లు ప్రసూతి వార్డులో వాడుతుంటే వాటి లెక్క వేరుగా రాయండి, కలిపేస్తే మొత్తం చెడుతుంది. సగం ఉండగానే 'ఖాళీ' అని తిరిగి పంపేసిన సిలిండర్లూ నష్టమే.

తేడా ఎక్కువగా ఉంటే లీకు ఎక్కడుందో చూడాలి. కేసులు లేని రాత్రి, డ్యూటీలో ఉన్న మత్తు డాక్టరుకు చెప్పి, మెషీన్ల మీద బ్యాకప్ సిలిండర్లు ఉన్నాయని చూసుకున్నాకే ఇది మొదలుపెట్టండి. మెషీన్ల నైట్రస్ హోస్‌లు గోడ సాకెట్ల నుంచి తీసేయండి. మ్యానిఫోల్డ్ దగ్గర లైను వాల్వు మూసి, లైను పీడనం రాసుకోండి. మామూలుగా 4 బార్ దగ్గర ఉంటుంది. తెల్లవారాక మళ్లీ చూడండి. పడిపోతే లీకు పైపులోనో, సాకెట్ల ఓ-రింగుల్లోనో, జోన్ వాల్వుల్లోనో ఉంది. జోన్ వాల్వులు ఒక్కొక్కటే మూస్తూ పోతే ఏ అంతస్తో తేలుతుంది. పీడనం నిలబడి హోస్‌లు తగిలించాక పడితే తప్పు హోస్‌దో మెషీన్‌దో.

రెండు చోట్లా పీడనం పడలేదు, అయినా కొనుగోలు లెక్క కుదరడం లేదు. అప్పుడు వాల్వుకు ముందు భాగం చూడాలి. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే రాత్రి పరీక్షకు మ్యానిఫోల్డ్ అందదు. సిలిండర్ నుంచి మ్యానిఫోల్డ్‌కు వెళ్లే టెయిల్ పైపుల బిగింపులు, అరిగిన వాషర్లు తరచుగా నేరస్థులు. రిజర్వు వరుస సిలిండర్లను ఒక సోమవారం తూచి, వచ్చే సోమవారం మళ్లీ తూచండి. ఈ మధ్యలో వాడకం వాటికి మారి ఉండకూడదు. ఎవరూ వాడని వరుస బరువు తగ్గిందంటే ఇక వెతుకులాట అక్కర్లేదు. తూచడానికి విప్పే పని, తిరిగి కొత్త వాషర్‌తో బిగించే పని గ్యాస్ టెక్నీషియన్‌దే. బుడగల పరీక్షకు ఆక్సిజన్ లైన్లకు పనికొచ్చే లీక్ ద్రవమే వాడాలి. నూనె, గ్రీజు దగ్గరకు రానివ్వకూడదు, నైట్రస్ మంటను పెంచే వాయువు.

లీకులు దొరికితే బిగించవచ్చు, కానీ ఆ మరమ్మతు ఎప్పటికీ తెగదు. పైపు లైను మూసేసి, అవసరమైన మెషీన్‌కే చిన్న సిలిండర్ పెట్టుకోవడం మేలని మా అభిప్రాయం. అమెరికన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ కూడా 2024లో పైపుల నైట్రస్‌ను నిలిపివేయమని సూచించింది.

మూసే ముందు పిల్లల అనస్థీషియా, ప్రసూతి, దంత విభాగం, ఎమర్జెన్సీ అందరినీ అడగండి. అడగని విభాగం నుంచే అభ్యంతరం వస్తుంది. తర్వాత మెషీన్ల హోస్‌లు తీసి, మెషీన్ మీద సిలిండర్‌ను పట్టి ఉంచే పిన్ ఇండెక్స్ యోక్‌కు చిన్న సిలిండర్లు బిగించి, సాకెట్లకు 'వాడుకలో లేదు' అని ట్యాగ్ కట్టండి. ఒక నెల చూడండి. హోస్ తీసేశాక కొన్ని మెషీన్లు 'పైపులైన్ పీడనం తక్కువ' అని అలారం ఇస్తాయి. దాన్ని బయోమెడికల్ ఇంజనీర్ సరిచేయాలి, థియేటర్ సిబ్బంది మ్యూట్ చేసి వదిలేయకూడదు. చివరకు మ్యానిఫోల్డ్ మూసివేత. పైపులో మిగిలిన గ్యాస్‌ను గదుల్లోకి కాకుండా బయటి గాలిలోకి సురక్షితంగా వదలడం, చివరలు మూసి బిగించడం, డ్రాయింగుల్లో మార్చడం అధీకృత గ్యాస్ ఇంజనీర్ చేతిలో జరగాలి.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి: యోక్ మీది సిలిండర్ వాల్వు వాడే ముందే తెరవాలి, కేసు కాగానే మూయాలి. తెరిచి వదిలేస్తే పైపు లైను చేసిన పనే ఆ చిన్న సిలిండర్ చేస్తుంది.

ఇక రెండో వృథా, ద్రవ మత్తుమందును ఆవిరిగా మార్చే వేపరైజర్ వైపు. ఏ మందు అన్నది ముందు తేల్చాలి. 2 శాతం సెవోఫ్లూరేన్, 6 శాతం డెస్‌ఫ్లూరేన్ ఇంచుమించు ఒకే లోతు మత్తునిస్తాయి. మెషీన్ కొత్తగా పంపే ఫ్రెష్ గ్యాస్‌ను నిమిషానికి 1 లీటరు చొప్పున గంటసేపు ఇస్తే సెవో వల్ల సుమారు 1.4 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన భారం, డెస్‌ఫ్లూరేన్ వల్ల సుమారు 65 కిలోలు. యూరోపియన్ యూనియన్‌లో 2026 జనవరి 1 నుంచి వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప డెస్‌ఫ్లూరేన్ వాడకూడదు. నియమం లేకపోయినా ఆ వేపరైజర్‌ను మెషీన్ మీంచి తీసి అలమారాలో పెట్టండి. చేతికి అందేది వాడతారు, అందనిది మర్చిపోతారు.

తర్వాత ఫ్లో. గంటకు ఎన్ని మి.లీ. ద్రవం ఖర్చవుతుందో ఇలా అంచనా వేయండి: 3 × నిమిషానికి ఫ్రెష్ గ్యాస్ లీటర్లు × మందు శాతం. 2 శాతం సెవో, 6 లీటర్ల ఫ్లో అంటే గంటకు 36 మి.లీ. అదే 0.5 లీటరు ఫ్లోలో 3 మి.లీ.

ఎక్కువగా పోయేది ఇంట్యుబేషన్ (గొంతులోకి శ్వాస ట్యూబ్ వేయడం) సమయంలో. మాస్క్ తీసి ట్యూబ్ వేసేలోపు నిమిషానికి 6 లీటర్ల చొప్పున గ్యాస్ మందు ఆవిరితో సహా థియేటర్‌లోకి వెళ్లిపోతుంది. మాస్క్ తీసేటప్పుడు వేపరైజర్‌ను కాదు, ఫ్రెష్ గ్యాస్‌ను ఆపాలి. వేపరైజర్ మాత్రమే ఆపితే వట్టి గ్యాస్, రోగికి వెళ్లే గొట్టాల సర్క్యూట్‌లోని మందును తోసేస్తుంది. ఫ్లో ఆపితే మందు సర్క్యూట్‌లోనే నిలుస్తుంది. ట్యూబ్ తగిలించాక ఫ్లో మళ్లీ తెరవడం మరవకుండా ఒకరు గట్టిగా చెప్పాలి.

ట్యూబ్ వేశాక, ఎండ్-టైడల్ స్థాయి (రోగి వదిలే శ్వాస చివర్లో మందు శాతం) కోరిన చోటికి రాగానే ఫ్లోను 1 లీటరుకు, నిలకడగా ఉంటే 0.5 లీటరుకు దించండి. లోతు పెంచాలన్నా తగ్గించాలన్నా కొన్ని నిమిషాలు ఫ్లో పెంచాల్సిందే, ఎందుకంటే తక్కువ ఫ్లోలో డయల్ తిప్పినా సర్క్యూట్ నెమ్మదిగా మారుతుంది. డయల్‌ను ఊరికే పైకి తిప్పి, తర్వాత దించడం మర్చిపోవడం ఇక్కడ సాధారణ తప్పు. పీల్చే ఆక్సిజన్ 30 శాతం కంటే తగ్గితే మోగేలా అలారం పెట్టండి. పెద్దవాళ్ల శరీరం నిమిషానికి 250 మి.లీ. దాకా ఆక్సిజన్ తీసుకుంటుంది కాబట్టి ఫ్లో తగ్గేకొద్దీ ఫ్రెష్ గ్యాస్‌లో ఆక్సిజన్ శాతం పెంచాలి.

సెవోతో తక్కువ ఫ్లో వద్దనే పాత జాగ్రత్త కొన్ని లేబుళ్ల మీద ఇంకా ఉంది. దానికి కారణం, రోగి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే సోడా లైమ్‌లో బలమైన క్షారముంటే, దానితో సెవో కలిసి పుట్టే కాంపౌండ్ ఏ అనే పదార్థం. ఎలుకల కిడ్నీలకు అది హాని చేసింది కానీ, మనుషుల్లో అలాంటి హాని రుజువు కాలేదు. మీ దగ్గరి నియమం చూసుకుని, బలమైన క్షారం లేని సోడా లైమ్ కొంటే ఆ చిక్కే ఉండదు. సోడా లైమ్‌ను రంగు చూసి కాకుండా, పీల్చే కార్బన్ డయాక్సైడ్ పెరగడం చూసి మార్చండి. రోజు పని ముగిశాక ఫ్లో పూర్తిగా ఆపండి, రాత్రంతా గ్యాస్ పారితే అది ఎండిపోతుంది.

ప్రతి నెలా కొన్న సెవో మి.లీ.లను అనస్థీషియా గంటలతో భాగించి థియేటర్ బోర్డు మీద రాయండి. ఏ నెల ఆ అంకె పెరిగితే ఆ నెల ఇంట్యుబేషన్ దగ్గర నిలబడి, ఫ్లో ఎంత ఉందో మీరే చూడండి.