రెయిన్‌బో రోడ్‌లో పడిపోకుండా ఉండాలంటే

మారియో కార్ట్ 8 డీలక్స్ అనే రేసింగ్ వీడియో గేమ్‌లో పాత ఎస్‌ఎన్‌ఈఎస్ (నింటెండో వాళ్ల పాత గేమ్ కన్సోల్) కాలం నాటి రెయిన్‌బో రోడ్, అంటే అంతరిక్షంలో తేలే ట్రాక్, ఆడేవాళ్లకి ఒక చిన్న చిట్కా. 1992లో వచ్చిన ఒరిజినల్‌లో రోడ్డుకి గోడల్లేవు, మలుపులన్నీ దాదాపు ఎల్ ఆకారంలో ఉండేవి, పైగా మెరిసే థ్వాంప్‌లకి (పైనుంచి దబ్బున పడే రాతి దిమ్మెలు) తగిలితే చాలు గిర్రున తిరిగిపోయేవాళ్లం. ఆ భయం ఇంకా పోలేదేమో, చాలామంది ఇప్పటికీ థ్వాంప్ కనపడగానే పక్కకి తప్పుకుంటారు. కొత్త వెర్షన్‌లో అలా చేస్తే నష్టం మీకే, ఎందుకంటే అది దబ్బున పడ్డప్పుడల్లా రోడ్డు దుప్పటి దులిపినట్టు అలలా లేస్తుంది, సరిగ్గా ఆ అల మీదకి ఎక్కే క్షణంలో ఆర్ బటన్ నొక్కారంటే ట్రిక్ (గాల్లో చిన్న విన్యాసం) పడి బూస్ట్, అంటే ఒక్కసారిగా అదనపు వేగం, వస్తుంది. కాకపోతే ముందు కార్ట్ తిన్నగా పెట్టుకోండి, మలుపు తిరుగుతూ బూస్ట్ తీసుకుంటే నేరుగా అంతరిక్షంలోకే, నేను ఎన్నిసార్లు పోయానో లెక్కే లేదు.

చిన్నపిల్లలు ఆడుతుంటే స్మార్ట్ స్టీరింగ్ ఆన్‌లో ఉంచండి, అంచు దాటనివ్వదు. కార్ట్ వెనక చిన్న యాంటెనా కనిపిస్తే అది ఆన్‌లో ఉన్నట్టే. మీరు మాత్రం తీసేయండి, షార్ట్‌కట్‌లకి అడ్డం పడుతుంది.